బేస్ డబ్బా

మా అన్నయ్య బలరాం చేతిలో పనితనం ఉంది. ఆ మాట నేనిప్పటికీ కాదనను. కాదనలేకపోవడమే నా కడుపుమంట.

ఎనభై నాలుగు ఎండాకాలం. భిలాయిలో మాది రెండు గదుల ఉక్కు ప్లాంటు క్వార్టరు. నాన్న గురునాథరావు మిల్లులో క్రేన్ ఆపరేటరు. ఇరవై ఆరేళ్ల సర్వీసు అయింది, ఇంకో నాలుగేళ్లుంది. అమ్మ పార్వతమ్మ గొంతు మా వీధి మలుపు దాకా వినబడేది. నేను బి.ఏ. రెండో ఏడు పరీక్షలు రాసి ఖాళీగా కూర్చున్నాను. అన్నయ్యకి ఇరవై తొమ్మిది నిండాయి. ఐటిఐ పాసైనవాడు. ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి కార్డు ఏటేటా రెన్యువల్ చేయించుకుంటూ, ఈలోగా వైశాలి నగర్‌లో రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. కొట్టు బాగానే నడిచేది. కానీ భిలాయిలో ప్లాంటు ఉద్యోగం లేని మగవాణ్ణి మనిషి కింద లెక్కేసే మావగారు అప్పట్లో పుట్టలేదు.

ఆ ఏడు చరోదాలో రైల్వే గార్డు ధర్మయ్యగారి అమ్మాయి సత్యలక్ష్మిని అన్నయ్య చూసొచ్చాడు. ఇద్దరికీ నచ్చింది. ధర్మయ్యగారు మర్యాదగానే చెప్పారు, "కుర్రోడు బంగారం. ప్లాంటులో నౌకరీ దొరకనీయండి, ఆ మర్నాడే ముహూర్తం పెట్టీసుకుందాం" అని. ఆ రోజు నుంచి అన్నయ్య ఇంట్లో సరిగ్గా అన్నం తినలేదు.

మా ఇంట్లో ఒక స్టీరియో ఉండేది. రికార్డులు తిరిగే పెట్టె, దానికి చెరో పక్కా రెండు స్పీకర్ డబ్బాలు. ప్లాంటులో పనిచేసిన ఒక రష్యా ఇంజనీరు సొంత దేశం వెళ్లిపోతూ నాన్నకి అమ్మేసి పోయాడు. ఆయనకి తెలుగు రాదు, నాన్నకి రష్యన్ రాదు. అయినా ఇద్దరికీ బాగా కుదిరింది, ఎందుకంటే మిల్లులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు, అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. కింద నిలబడ్డ మనిషి వేలు పైకి తిప్పితే క్రేన్ ఎత్తాలి, అరచెయ్యి కిందికి ఊపితే దించాలి, పిడికిలి బిగిస్తే ఆపాలి. ఆ సైగలే మా ఇంట్లోకీ వచ్చేశాయి. నాన్న అన్నం చాలని పిడికిలి బిగించేవాడు. బయటివాళ్లు చూసి నవ్వుకునేవారు, మాకు మాత్రం అలవాటే.

అందుకే ఆయనకి చెవులు పోతున్నాయని ఎవరూ కనిపెట్టలేకపోయారు.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఫస్టు షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, నాన్న రికార్డు పెట్టుకున్నాడు. అమ్మ బజారుకెళ్లింది. నేను చూస్తుంటే ఆయన కుర్చీ స్పీకరుకి ఆనించి కూర్చుని, అరచెయ్యి ఆ డబ్బా మీద పెట్టి కళ్లు మూసుకున్నాడు. జ్వరం ఉందేమోనని పిల్లాడి నుదురు చూస్తున్నట్టు ఉంది వాలకం.

"ఏటి నాన్నా అది?" అన్నాను, ఎదురుగా వెళ్లి.

నాన్న కళ్లు తెరిచి వీధి తలుపు వైపు చూశాడు. "మీ అమ్మ రాలేదు గదా? కూకో. నీకొక మాట చెప్తాను, ఎవలికీ చెప్పకు."

కూర్చున్నాను.

"నాకు సన్న శబ్దాలు తెలవట్లేదే. పిట్టలు, సైకిలు బెల్లు, నీ గొంతు... అన్నీ ఎల్లిపోనాయి. అడుగునున్నవే మిగిలినాయి. డప్పు, మిల్లు, ఇదిగో ఇందులోని గుబగుబ. నువ్వు మాటాడితే నీ మూతి చూసి పోల్చుకుంటన్నాను."

నాకు ఏడుపొచ్చింది. ఆయన చిన్నపిల్లాడిలా నా చెయ్యి పట్టుకున్నాడు. "వంశమే అమ్మా. మా నాన్నకీ ఈ వయసుకి ఇంతే. పాటలన్నీ నాకు కంఠతా వచ్చు గదా, అడుగు వినబడితే పైది నానే పాడుకుంటాను లోపల."

"డాక్టరుకి చెప్పొద్దా?"

"చెప్తే క్రేన్ దించీస్తారు. నాలుగేళ్లే. సైగలున్నాయి గదా, కళ్లు బాగున్నాయి. ఏటి ఇబ్బంది?" అన్నాడు. తర్వాత తనంతట తనే చెప్పాడు. మొన్న కింద ఎవరో అరిచారట, ఆయనకి తెలియలేదు, బరువు దించుతూనే ఉన్నాడట. ఆ మనిషి పక్కకి దూకేశాడు. ఏమీ కాలేదు. "ఆడు నన్ను తిట్టినాడు కాబోసు. అదీ వినబళ్లేదు" అని నవ్వాడు.

నేను నవ్వలేదు. కానీ ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టాను. ఆ రహస్యం నాకు ఇచ్చినందుకు, నిజం చెప్పొద్దూ, గర్వంగా కూడా ఉండింది. అమ్మకి కాదు, కొడుక్కి కాదు, నాకు చెప్పాడు.

ఆ ఒట్టు మే ఒకటో తారీకు దాకా నిలిచింది.

ఆ రోజు మే డే. అన్నయ్య కొట్టు తియ్యలేదు. నాన్న డ్యూటీలో ఉన్నాడు. నేను వరండాలో ఖస్‌టట్టికి, అదే వట్టివేళ్ల తడికకి, నీళ్లు కొడుతుంటే అన్నయ్య వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"కుముదా, నాన్న ఎందుకే ఆ డబ్బాకి అతుక్కుని కూర్చుంటన్నాడు? వాల్యూమ్ పెంచుకోవచ్చు గదా. పుల్ల లాంటి ఆడగొంతు పాడుతుంటే డబ్బా తడుముకోడం ఏటి?"

"ఏమో" అన్నాను.

"దేఖ్, నాన్నకి నేనేమీ చెయ్యలేదు ఇన్నేళ్లలో. ఆయన తిండి తింటన్నాను. ఏదో ఒకటి చేసి ఇద్దామని ఉంది. ఆయనకి ఏటి కావాలో నీకు తెలుసు, నాకు తెలీదు. చెప్పవే."

అలా అడిగితే ఎవరైనా కరిగిపోతారు. నేను కరిగాను. చెవుల సంగతి, అడుగు శబ్దం సంగతి, దూకేసిన మనిషి సంగతి, అంతా చెప్పేశాను. చెప్పి, "ఎవరికీ చెప్పకు" అన్నాను, నాన్న నాకు చెప్పినట్టే.

అన్నయ్య నా నెత్తి మీద చెయ్యి వేసి, "అడుగు శబ్దమే కదా. నేను చేసిస్తాను చూడు" అన్నాడు.

చేశాడు. మూడు వారాలు కష్టపడ్డాడు. పక్కన ఉతై ఊళ్లో వడ్రంగి చేత మందమైన ప్లైవుడ్‌తో నడుమెత్తు డబ్బా కట్టించి, లోపల పళ్లెమంత స్పీకరు బిగించాడు. వెనక తన చేత్తో చేసిన ఆంప్లిఫయరు, దాని ట్రాన్స్‌ఫార్మరు, కరెంటు తీగ. ఒక ఆదివారం ఉదయం దాన్ని రిక్షాలో ఇంటికి తెచ్చాడు. అమ్మ, "ఓలమ్మ, ఇదేటి బియ్యం డబ్బావా?" అని వీధంతా వినబడేలా అడిగింది.

"బేస్ డబ్బా అమ్మా. అడుగు శబ్దం ఒక్కటే పాడతాది. నాన్న స్పీకరుకి అతుక్కుని కూర్చుంటన్నాడు గదా, అందుకే."

నాన్న చుట్టూ తిరిగి చూశాడు. "దీని బరువు కూడా మన రష్యా పెట్టి మొయ్యగలదేటిరా? కాలిపోదా?"

"దీనికి కరెంటు వేరు నాన్నా. బరువు ఇదే మోసుకుంటాది. స్టీరియో నుంచి మనం తీసుకునేది కబురు మాత్రమే" అంటూ అన్నయ్య ఎదురుగా నిలబడి, పెద్దగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు. నాన్నతో అలా మాట్లాడ్డం అన్నయ్యకి కొత్త. నాకు గుండె చల్లబడింది.

రెండు స్పీకర్ల తీగలు స్టీరియో వెనక ఎక్కడ బిగించి ఉన్నాయో, అక్కణ్ణుంచే ఇంకో జత తీగలు లాగి డబ్బా వెనక కలిపాడు. స్విచ్ వెయ్యగానే ఒకటే గుంయ్‌మని రొద. కందిరీగల పట్టు కదిలించినట్టు. నాన్న మొహం వెలిగిపోయింది, ఆయనకి అదీ వినబడింది మరి. అన్నయ్య మాత్రం తల పట్టుకున్నాడు. కాసేపటికి డబ్బా ప్లగ్గు అవతలి గోడ నుంచి పీకి, స్టీరియో ఉన్న బోర్డులోనే పెట్టాడు. రొద ఆగింది.

రికార్డు పెడితే పాట వచ్చింది గానీ అడుగు రాలేదు. ఇదివరకటి కన్నా పల్చగా ఉంది.

"తీగలు తారుమారయినట్టున్నాయి" అన్నాడు అన్నయ్య. "స్పీకర్లు ముందుకి తోస్తుంటే ఇది వెనక్కి లాగుతోంది. రెండూ కొట్టుకుని మధ్యలో అడుగు చచ్చిపోతంది." రెండు తీగలూ అటుదిటు చేశాడు. నాన్నని డబ్బాకి దూరంగా, గుమ్మం దగ్గర నిలబెట్టి, "నాన్నా, నువ్వే చెప్పాలి. మాకు ఇంత తేడా తెలీదు" అన్నాడు.

నాన్న కళ్లు మూసుకున్నాడు. ఒకసారి ఇలా, ఒకసారి అలా. నాలుగోసారి పిడికిలి బిగించి గాల్లోకి ఎత్తాడు. ఆపు, అదే. నేల అదిరింది, వంటింట్లో స్టీలు గ్లాసులు మోగాయి. నాన్న డబ్బాని ముట్టుకోకుండానే, గుమ్మానికి ఆనుకుని, చెంపల మీంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా నిలబడ్డాడు. అన్నయ్య కింద కూర్చుని స్క్రూలు బిగిస్తూ తలెత్తలేదు. వాడూ ఏడుస్తున్నాడనుకున్నాను. మా ఇంట్లో అంత సంతోషమైన పూట ఇంకోటి లేదు. ఇది గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

మరుసటి ఆదివారం అన్నయ్య ఒక పెద్దమనిషిని ఇంటికి తీసుకొచ్చాడు. శంకరరావుగారు, ప్లాంటు ఆసుపత్రి ఆఫీసులో పనిచేస్తారు, విజయనగరం వైపు వారే, సంగీతమంటే చెవి కోసుకుంటారు అని చెప్పాడు. అమ్మ పకోడీలు వేసింది. శంకరరావుగారు మితభాషి. కుర్చీలో సర్దుకుని కూర్చుని డబ్బాని కాక నాన్ననే చూస్తున్నారు. డబ్బా యజమానిని చూస్తున్నారులే అనుకున్నాను.

నాన్న తనకిష్టమైన రికార్డు పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. పల్లవి అయింది. అన్నయ్య స్టీరియో వెనక్కి వంగి ఏదో సర్దుతున్నాడు. ఉన్నట్టుండి పాట ఆగిపోయింది. గొంతు లేదు, వయొలిన్లు లేవు. నడుమెత్తు డబ్బా ఒక్కటే గుబ్, గుబ్ అంటోంది, ఇరుగింట్లో ఎవరో పిండి దంచుతున్నట్టు. రెండు స్పీకర్ల తీగలూ ఊడి అన్నయ్య చేతిలో ఉన్నాయి.

నేను లేచాను. అన్నయ్య నా వైపు చూసి అరచెయ్యి అడ్డంగా పెట్టాడు. కూర్చో అని. మళ్లీ బిగిస్తాడు కాబోలని కూర్చున్నాను.

బిగించలేదు.

నాన్న మోకాలి మీద తాళం వేస్తూనే ఉన్నాడు. తల ఊపుతున్నాడు. చరణం దగ్గర, ఆ గాయని గొంతు ఎత్తుకునే చోట, ఆయన కనుబొమ్మలు పైకి లేచాయి. "చూడండి శంకరరావుగారూ," అన్నాడు కళ్లు తెరవకుండా, "ఆ గొంతు చూడండి! తేనె గాదా?"

గదిలో గొంతు లేదు. గుబ్, గుబ్.

"అవునండి" అన్నారు శంకరరావుగారు. చేతిలోని పకోడీ పళ్లెంలో పెట్టేశారు.

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, "అదేటిరా, పాట ఆగిపోనాది?" అంది. అన్నయ్య చప్పున తీగలు తగిలించాడు. "వదులయ్యాయిలే అమ్మా" అన్నాడు. నాన్నకి ఇవేమీ తెలియవు. జరిగింది తర్వాత ఆయనకి చెప్పడానికి నాకు మనసొప్పలేదు. పదిమందిలో పంచె జారినవాడికి ఇంటికొచ్చాక ఆ సంగతి ఎవరు చెప్తారు? అన్నయ్య సరదాకి చేశాడనీ, మొరటు సరదా అనీ నాకు నేను చెప్పుకున్నాను.

జూన్ రెండో వారంలో ప్లాంటు నుంచి ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషు ఉత్తరాలు నాన్నకి నేనే చదివి పెట్టేదాన్ని. ఎదురుగా కూర్చుని, పెదాలు బాగా కదుపుతూ, తెలుగులో చెప్పేదాన్ని. మొదటి వాక్యం కళ్లతో చదివి ఆగిపోయాను.

"మే రెండో తారీకున మీ కుమారుడు బలరాం పెట్టుకున్న అర్జీని, తదుపరి పరిశీలనను అనుసరించి" అని ఉంది.

మే రెండు. నేను వరండాలో కూర్చుని చెప్పిన మర్నాడు. డబ్బాకి ఇంకా ప్లైవుడ్ కూడా కొనలేదు.

"ఏటమ్మా? ఏటి రాసినారు?"

"మెడికల్‌కి రమ్మన్నారు నాన్నా" అన్నాను. "చెవులు చూస్తారట. పద్దెనిమిదో తారీకు."

ఆ మొదటి వాక్యం చదవలేదు. కొడుకు పేరు ఆయన మొహం మీద చెప్పడానికి నాకు నోరు రాలేదు. నాన్న ఉత్తరం తీసుకుని తిప్పి చూసి, మడిచి, దిండు కింద పెట్టుకున్నాడు. ఎలా తెలిసిందని ఆయన అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

నేను సైకిలేసుకుని మిట్టమధ్యాహ్నం వడగాడ్పులో వైశాలి నగర్ వెళ్లాను. అన్నయ్య కొట్లో ఒక్కడే ఉన్నాడు, ఏదో రేడియో పొట్ట విప్పుకుని.

"మే రెండా?" అన్నాను.

వాడు సోల్డరింగు కడ్డీ పక్కన పెట్టాడు. బుకాయించలేదు, అది ఒప్పుకోవాలి. "కూర్చో. నీళ్లు తాగు."

"నాన్నకి చేసిస్తానన్నావు."

"చేసిచ్చాను గదా. వినడం లేదా రోజూ?"

"దాన్ని అడ్డం పెట్టుకుని ఆయన్ని పట్టిచ్చావు! ఇంటికి తెచ్చి, పకోడీలు పెట్టి!"

"ఉత్త అర్జీ ఎవడు నమ్ముతాడే? ఏటేటా మెడికల్‌లో ఆయన పాసవుతూనే ఉన్నాడు, డాక్టరు నోరు చూసి. ఎవరైనా కళ్లారా చూడాలి." గొంతు తగ్గించాడు. "కింద ముప్పైమంది పనిచేస్తారు కుముదా. ఆ దూకినవాడు దూకకపోతే? నీకు నిద్ర ఎలా పడుతోంది? నాకు పట్టలేదు."

ఆ మాట నిజం. నిజమైన మాటని అంత చక్కగా వాడుకున్నాడని మరింత మండింది.

"అయితే నాన్నకే చెప్పాల్సింది. దిగిపో నాన్నా, ఎవరైనా పోతారు అని మొహం మీద చెప్పాల్సింది. నేనూ వచ్చి చెప్పేదాన్ని. ఆయన తనంతట తను దిగితే ఇంకో పని ఇచ్చేవారు కదా?"

అన్నయ్య మళ్లీ రేడియో మీదికి వంగాడు. అప్పుడు అర్థమైంది నాకు. ఇంకో పని ఇస్తే ఆయన ఉద్యోగం ఆయనకే ఉంటుంది. అన్‌ఫిట్ అని పంపేస్తేనే ఇంట్లో ఒకరికి వస్తుంది.

"అర్జీలో అదీ రాశావా?"

"నాకు ముప్పై వస్తన్నాయి యార్" అన్నాడు, ఎవరో తోటివాడితో అన్నట్టు. "కార్డు పట్టుకుని తొమ్మిదేళ్లు లైన్లో నిలబడ్డాను. ధర్మయ్యగారు వేరే సంబంధాలు చూస్తన్నారు. నాన్నకి నాలుగేళ్లు పోతాయి, నాకు బతుకు మొత్తం వస్తాది. నువ్వే చెప్పు, ఏది బరువు?" సోల్డరింగు కడ్డీ మళ్లీ అందుకుని, "చెప్పాలనుకుంటే వెళ్లి నాన్నకి చెప్పు. నేను అడ్డురాను. కానీ నాకు చెప్పింది ఎవరో కూడా చెప్పు" అన్నాడు.

సైకిలు తొక్కుకుంటూ ఇంటికొచ్చాను. ఆ దారంతా నేను తిట్టింది వాణ్ణా, నన్నా అంటే చెప్పలేను. నా మంచితనాన్ని స్క్రూడ్రైవరులా వాడుకుని, పని కాగానే నా చేతికే తిరిగిచ్చేశాడు.

పద్దెనిమిదిన నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడ చెవులకి మిషను పెట్టి చూశారట, నోరు చూసే వీలు లేకుండా. అన్‌ఫిట్ అన్నారు. ఆయన ఎవరితోనూ వాదించలేదు. ఆగస్టుకల్లా అన్నయ్యకి ఆర్డరు వచ్చింది. అమ్మ ఏడుస్తూనే స్వీట్లు పంచింది, ఒక కంటితో ఏడుపు, ఒక కంటితో నవ్వు. ధర్మయ్యగారు మాట తప్పలేదు, ముహూర్తం పెట్టించారు. అందరి పనీ జరిగింది.

చెప్పేద్దామనే ఉండేది రోజూ. చెప్తే తండ్రీకొడుకులు ఒక ఇంట్లో ఉండరు, జీతం తెచ్చేవాడు వాడొక్కడే. చెప్పకపోతే నాన్న ఎదురుగా కూర్చోలేకపోతున్నాను. చివరికి అన్నయ్య మొదటి రోజు డ్యూటీకి వెళ్లిన ఉదయం, ఇక ఆగలేక నాన్న దగ్గరికి వెళ్లాను. ఆయన వరండాలో వాన చూస్తూ కూర్చున్నాడు. ఎదురుగా కూర్చున్నాను, పెదాలు కనబడేలా.

"నాన్నా, ఒక మాట."

నాన్న నా మొహం చూశాడు. నేనింకా మొదలుపెట్టలేదు, ఆయనే మొదలుపెట్టాడు. నెమ్మదిగా, ఎంతో ప్రేమగా.

"వద్దులేమ్మా. నాను నీకు తప్ప ఎవలికీ చెప్పలేదు. ఎక్కడో నోరు జారుంటావు, చిన్నదానివి. నాకు కోపం లేదు. అదీ మన మంచికే అయింది, బలరాంకి దారి దొరికినాది."

నా నోట్లో అన్నయ్య పేరు ఉంది. ఆయన మొహంలో అన్నిరోజుల తర్వాత కొడుకు పేరు చెప్తూ వచ్చిన కాస్త వెలుగు ఉంది. నోరు మూసుకున్నాను. చెయ్యని తప్పుకి క్షమించినా భరించవచ్చు. నాది సగం తప్పు. సగం తప్పుకి పూర్తి క్షమని ఎలా తీసుకోవాలో నాకు తెలియలేదు, ఈనాటికీ తెలియదు.

మధ్యాహ్నం పోస్టుమాన్ వచ్చాడు. ప్రావిడెంట్ ఫండ్ ఆఫీసు నుంచి కవరు, ఇంగ్లీషు. నేను అలవాటుగా చెయ్యి చాపాను. నాన్న కవరుని రెండు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఉండనీయమ్మా," అన్నాడు, నన్ను నొప్పించకూడదని నవ్వుతూ. "డ్యూటీ దిగి బలరాం వస్తాడు గదా. ఆడు చదువుతాడులే."